చీకటైతే వెలిగే తామర

వాన్-రూ తయారుచేసిన మందు వెలుతురు తగిలితేనే పనిచేయాలి. ఎర్ర వెలుగు పడ్డ పళ్ళెంలో క్యాన్సర్ కణాలు చావాలి, కణాల్ని వెచ్చగా ఉంచే చీకటి పెట్టెలో దాచిన పళ్ళెంలోవి నిక్షేపంలా బతకాలి. కానీ ఆ మహాతల్లి మందు రెండుచోట్లా చంపి కూర్చుంటోంది! చీకట్లోనూ చంపేది మందెలా అవుతుంది? ఉత్త విషం.

"మూడోసారీ ఇంతే అయితే దీనికి నీళ్ళొదిలేద్దాం," అన్నారు ప్రొఫెసర్ చువాంగ్ మేడమ్. నాలుగేళ్ళ కష్టం మరి, వాన్-రూకి ఏడుపు తన్నుకొచ్చింది.

యంత్రం మొరాయిస్తే తైవాన్ దేశపు తైనాన్‌లో అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. చీకటి పెట్టె నెత్తిన ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్టు పెట్టింది. దాని పేరే 'బుద్ధిగా ఉండు'. ఆకుపచ్చంటే యంత్రం సవ్యంగా నడుస్తున్నట్టు గుర్తు; ఆ ప్యాకెట్టు తినకూడదు, గడువు దాటనివ్వకూడదు.

"పీహెచ్‌డీ చేస్తూ చిరుతిండికి దండాలేమిటే!" మేడమ్ పకపకా నవ్వారు.

మూడోసారీ చీకటి పళ్ళెం చచ్చింది. ఒళ్ళు మండి, పెట్టె ప్లగ్గు పీకేద్దామని వాన్-రూ దాని వెనక్కి దూరింది. గదిలో మందుకి హాని చేయని పచ్చ బల్బొక్కటే వెలుగుతోంది. వైరు దూరే కన్నంలోంచి ఎర్రటి వెలుగు! పరుగున వచ్చి తలుపు తీసింది. లోపల వెలుగే లేదు. మూసి కన్నంలోంచి చూస్తే మళ్ళీ ఎరుపు. ఈసారి తలుపు తీసి పై అర మూలమూలా తడిమితే బొటనవేలంత ప్లాస్టిక్ తామర చేతికి తగిలింది. గుళ్ళో నేలను కాచే దేవుడి ముందు పెట్టే బ్యాటరీ దీపం.

"మేడమ్! ఎవరో పెట్టెలో దీపం పెట్టారు! తలుపేస్తే వెలుగుతోంది, తీస్తే ఆరుతోంది!"

మేడమ్ ముఖం దీపంకన్నా ఎర్రబడింది. "చీకటైతే దానంతటదే వెలుగుతుందా? కొట్టువాడు చెప్పలేదే!"

"మీరా?!"

"మందు మొదటి పరీక్షకి ముందు నువ్వు బెంగతో అన్నం మానేశావు కదే. చూడలేక పెట్టాను. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది."

వాన్-రూకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఏమని మొక్కారు?"

"మందు పనిచేయాలని."

"చేసింది కదండీ, ఇంత గుడ్డిదీపానికే!"

దీపాన్ని మేడమ్ బల్లమీదికి చేర్చి నాలుగోసారి చేశారు. చీకటి పళ్ళెంలో కణాలన్నీ హాయిగా ఉన్నాయి. వెలుగు పళ్ళెంలో ఒక్కటీ మిగల్లేదు. మేడమ్ మైక్రోస్కోపులోంచి చాలాసేపు తలెత్తలేదు. ఎత్తాక కళ్ళు తుడుచుకుని, పెట్టెమీది ప్యాకెట్టు తిప్పి చూశారు.

"దీని గడువు వచ్చేవారంతో సరి. కొత్తది పట్రా. ఆకుపచ్చదే సుమా!"