పరాచికానికి గడి లేదు

నేను చేసిన వెధవపని చెప్తాను. మధ్యలో ఎవరూ నన్ను వెనకేసుకురావద్దు, ఆ పని నేనే కావలసినంత చేసుకున్నాను.

మా ఊరు వహిగుయాలో ప్లానింగ్ ఆఫీసులో సర్వే ఉద్యోగం నాది. సూరూ వైపు పల్లెల్లో తుపాకుల గోల మొదలయ్యాక సామో తెగ జనం కట్టుబట్టలతో వచ్చి, మా ఊరి శివారు బంజరులో మట్టి ఇళ్ళు కట్టుకున్నారు. నూటముప్పై ఆరు ఇళ్ళు. వచ్చే పదేళ్ళకి బోర్లెక్కడ, బడులెక్కడ, రోడ్లెక్కడ అని ప్రాంతం మొత్తానికీ పటం గీయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గీసేముందు ప్రతి ఇంటినీ ఒక ప్రశ్న అడగాలి: గొడవలు సద్దుమణిగితే తిరిగి వెళ్తారా? కాగితం మీద మూడు గడులు. వెళ్తాం, ఇక్కడే ఉంటాం, ఇంకోచోటికి పోతాం. ఒకదాంట్లో టిక్కు పెట్టాలి, అంతే.

నేను మోసీ తెగవాణ్ణి. మోసీలకీ సామోలకీ తాతల నాటినుంచీ రకీరే, అంటే పరాచికాల చుట్టరికం. వాళ్ళు మమ్మల్ని బానిసలంటారు, మేము వాళ్ళని బానిసలంటాం. కుక్క తలకాయ కూర తింటారని మేము ఏడిపిస్తాం. చావింట్లో కూడా ఈ వేళాకోళం ఆగదు. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు, అదొక్కటే నియమం. తిట్లన్నీ అయ్యాక సజ్జపిండి కలిపిన నీళ్ళు ఇస్తారు. అవి తాగాక మాట్లాడేదే అసలు మాట. ఇది మా దగ్గర పాలు తాగే పిల్లకైనా తెలుసు.

సర్వేకి వెళ్ళినరోజు వాళ్ళ పెద్ద ద్రామాన్ జెర్బో నన్ను దూరంనుంచే చూసి, నా ఇంటిపేరు పట్టి కేకేశాడు.

"ఒరేయ్ పోర్గో ఇంటి బానిసా! దొరల ఇంటికి ఉత్తచేతులతో వస్తావట్రా, సిగ్గులేదూ?"

"కుక్క తలకాయ తెద్దామనుకున్నా ముసలోడా, మీవాళ్ళు ఊళ్ళో ఒక్క కుక్కనైనా మిగిల్చారా?" అన్నాను.

జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లోనే కాగితం తీసి ప్రశ్న అడిగాను.

"తిరిగి వెళ్తారా అంటావా? నీ దిక్కుమాలిన ఊళ్ళో ఉండటానికి మాకేం ఖర్మరా! రేపు పొద్దున్నే పోతాం. మీరే వచ్చి కాళ్ళమీద పడి బతిమాలుకుంటారు, ఉండండి దొరా అని!"

పక్కవాళ్ళందరూ "పెద్దాయన మాటే మా మాట, రేపే పోతాం" అని చేతులెత్తి అరిచారు. ఆయన కోడలు మైమూనా పిండి కలపడానికి లోపలికి వెళ్ళింది. సాయంత్రంలోగా ఇంకో రెండు చోట్లకి వెళ్ళాలి నేను. నీళ్ళు ఇంకోసారి తాగుతాలే అని బండెక్కేశాను. దారిలో చెట్టుకింద ఆగి, నూటముప్పై ఆరు కాగితాల్లోనూ "వెళ్తాం" అన్న గడిలో టిక్కు పెట్టాను. పరాచికమని తెలియదా నాకు? తెలుసు. మళ్ళీ రావడానికి బద్ధకం.

పటం తయారైంది. పదేళ్ళ తర్వాత ఆ బంజరులో జనాభా ఎంత అన్నచోట సున్నా పడింది. బోరు లేదు, బడి లేదు. నేలంతా ఖాళీ అవుతుంది కాబట్టి ప్లాట్లు వేసి పంచాలని రాశారు. మీటింగులో మా పై అధికారి ఇల్బూదో మేడం "పోర్గో సర్వే భలే చకచకా చేశాడు" అని నలుగురిలో మెచ్చుకుంది. నేను ఆ సున్నాని చూస్తూ కూర్చున్నాను. లేచి ఒక్కమాట చెప్తే నా సొమ్మేం పోయేది? లేవలేదు.

మరుసటి ఏడు వాళ్ళ వాకిళ్ళలో హద్దు రాళ్ళు పాతారు. వానలు మొదలయ్యేలోగా ఖాళీ చెయ్యాలని గోడలమీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. ఊరొదిలి వచ్చినవాళ్ళు, దారిలో ఇంకోచోట తలదాచుకుని అక్కడినుంచీ తరిమితే ఇక్కడికి చేరినవాళ్ళు. ఇల్లు వదలడం ఇది మూడోసారి.

మేడం దగ్గరికెళ్ళి సర్వేలో పొరపాటు జరిగిందన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరి పొరపాటు? కారణం రాసి, వాళ్ళ పెద్దతో వేలిముద్ర వేయించుకురా. రాళ్ళు పీకిస్తాను. సర్వే చేసినవాడిదే తప్పైతే మాత్రం వాడు ఇంటికెళ్తాడు, అదీ గుర్తుంచుకో."

ఆ రాత్రంతా ఆలోచించానని చెప్పుకుంటే బాగుంటుంది. అబద్ధం. పది నిమిషాల్లో రాసేశాను.

మర్నాడు వెళ్తే ముసలాయన ఎర్ర గుర్తున్న గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే మొహం వెలిగింది.

"వచ్చావట్రా బానిసా! చూశావా, మా ఇంటికి ఎర్ర రంగు పూసి ముస్తాబు చేశారు మీవాళ్ళు. పెళ్ళెవరికో చెప్పలేదు!"

నవ్వడం చాతకాలేదు. కూర్చుని, మైమూనా ఇచ్చిన పిండినీళ్ళు ఆఖరి చుక్కదాకా తాగి, జరిగిందంతా చెప్పాను. నీ పరాచికాన్ని నిజమని రాసేశానయ్యా, అందుకే ఈ రాళ్ళు, అన్నాను. చెంప పగలగొడతాడనుకున్నాను. పగలగొడితే బాగుండేది.

ఆయన తొడమీద చరుచుకుని నవ్వాడు. "ఓరి నీ దుంపతెగ! దొర మాటకి అంత విలువిచ్చావట్రా? బానిసంటే నువ్వేరా!" తర్వాత నవ్వు తగ్గించి మెల్లగా అన్నాడు, "మేమెక్కడికీ పోము నాయనా. నా ఇద్దరు కొడుకుల్నీ ఆ ఊళ్ళో మట్టిచేసి వచ్చాను. ఏ మొహంతో పోతాం? ఇక్కడే ఉంటామని రాసుకో."

అంత తేలిగ్గా వదిలేశాడు నన్ను. కాగితం ముందుపెట్టి వేలిముద్ర అడిగాను.

"ఆగండి మామయ్యా, నేను చదివాక వెయ్యండి" అంది మైమూనా. వాళ్ళ ఊళ్ళో బడిలో పాఠాలు చెప్పిన మనిషి. కాగితం తీసుకుని పైకే చదివింది. "కారణం: కుటుంబ పెద్ద ద్రామాన్ జెర్బో సర్వే అధికారికి కావాలని తప్పుడు సమాధానం ఇచ్చినందున."

నేను ఇంకు పెట్టె మూత తీస్తూ కూర్చున్నాను.

"మీ తప్పని రాస్తే రాళ్ళు తియ్యరా?" అని నన్ను అడిగింది.

"తీస్తారు. కానీ నా ఉద్యోగం..." అన్నాను.

ముసలాయన కాగితం వైపు చాలాసేపు చూశాడు. చదవడం రాదాయనకి. తర్వాత ఇంకు పెట్టె దగ్గరికి లాక్కుని, వేలు అద్ది, నేను చూపించినచోట ముద్ర వేశాడు. నూటముప్పై ఆరు కొంపలు ఆ వేలిమీద ఉన్నాయి మరి, వెయ్యక చస్తాడా?

"ఇంకెక్కడైనా వెయ్యాలాండీ?" అన్నాడు.

"ఏంటి ముసలోడా, కుక్క తలకాయలు మానేశాక మర్యాద వచ్చిందా నీకు?" అని నవ్వబోయాను.

ఆయన ఏ ఆఫీసరు మాటకో తలూపినట్టు తలూపాడు. "ఎండ ముదురుతోంది, బయల్దేరండి పోర్గో గారూ. మీకు శ్రమ ఇచ్చాం."

రాళ్ళు తీసేశారు. పటం దిద్దారు, సున్నా పోయి జనాభా పడింది, పోయిన నెల బోరు కూడా పడింది. నీళ్ళు పడ్డ రోజు నేనూ వెళ్ళాను. ఆ గుంపులో ఓ మోసీ మేస్త్రీని పట్టుకుని ముసలాయన ఎడాపెడా తిట్టిపోస్తున్నాడు, బానిస వెధవా, నీళ్ళు కూడా సరిగ్గా తోడలేవట్రా అని. జనం పడీపడీ నవ్వుతున్నారు. నన్ను చూసి తిట్టడం ఆపి లేచి నిలబడ్డాడు.

"రండి సార్, కూర్చోండి" అన్నాడు.