కాలు ఇటే

బడి వదిలి గంట దాటింది. స్టాఫ్ రూములో నేనొక్కణ్ణే ఉన్నాను, ముందు ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పేపర్లు. హెడ్మిస్ట్రెస్ గుమ్మం దగ్గర ఆగి, "మాస్టారూ, కాల్ ఇట్ ఎ డే," అనేసి వెళ్లిపోయారు.

గది ఊడుస్తున్న ఆయమ్మ చీపురు ఆపింది.

"కాలికేమైంది మాస్టారూ?"

"నా కాలికా?"

"మేడంగారు అన్నారుగా, కాలు ఇటే అనో ఏదో. బెణికిందేమో అనుకున్నా."

నవ్వొచ్చింది. నా భార్య పోయి మూడు నెలలు. నవ్వడం ఇదే మొదలు.

"అదొక ఇంగ్లీషు నానుడి. ఇవాళ్టికి చాలు, పని కట్టిపెట్టమని."

"చాలు అనడానికి అంత చుట్టుదారెందుకు?"

"ఎంత మిగిలినా, చేసినదాన్నే ఒక రోజు పని అనుకోమని అర్థం."

"బాగుంది. మరి మీరు అనుకోరేం?"

"ఈ కట్ట అవ్వాలి."

బల్ల తుడిచే నెపంతో వంగి చూసింది. "నాకు చదువు రాదు గానీ ఎర్రసిరా తెలుస్తుంది. ఈ కట్ట మొన్నే అయిపోయింది."

నిజమే. దిద్దినవే మళ్లీ దిద్దుతున్నాను. ఇంట్లో కిటికీ పక్కన నా భార్య కూర్చునే కుర్చీ ఉంది. చీకటి పడ్డాక వెళితే అటు చూడకుండా లోపలికి నడవచ్చు.

"ఇంట్లో మీ పాప ఒక్కతే ఉంటుందా?"

"పదో తరగతి. పెద్దదే."

"పెద్దదే. అమ్మ లేని ఇల్లు ఇంకా పెద్దది."

నేను పెన్ను మూత కోసం వెతికాను. అది చేతిలోనే ఉంది.

"మీరు కదిలితే నేనూ తాళం వేసుకుంటా. మా ఆయన ఈపాటికి నన్ను తిట్టుకుంటూ ఉంటాడు," అంటూ తాళంచెవితో గుమ్మం చూపించింది. "కాలు ఇటే, మాస్టారూ."

తలుపు తీసిన మా అమ్మాయి నన్ను చూసి కంగారుపడింది.

"ఒంట్లో బాగాలేదా నాన్నా?"

"బాగానే ఉంది."

"మరి ఇంత తొందరగా?"

"ఆయమ్మ దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని వస్తున్నాను."

జరిగింది చెప్పాను. కాలు బెణికిన దగ్గర పెదవి బిగబట్టింది. ఆగలేక నవ్వేసింది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"మళ్లీ చెప్పు," అంది.

కిటికీ పక్క కుర్చీ మీద ఇంకా ఎండ ఉంది. అందులో కూర్చుని, మొదటినుంచీ చెప్పాను.