అదిరితే ఆగిపోయే లాప్‌టాప్

ఇడ్లీపిండి రుబ్బుతుంటే లాప్‌టాప్ మళ్లీ ఆగిపోయింది. ఆదివారం చర్చిలో తెర మీద వేసే పాటలకి స్లైడ్లు చేసేది నేను. చర్చి కమిటీ పుస్తకంలో మీడియా ఇన్‌చార్జి అని ఉండేది మా ఆయన సంజయ్ పేరు. నాకు శనివారం వంటింట్లో తప్ప ఖాళీ దొరకదు కాబట్టి, గ్రైండర్ పక్కన గట్టు మీదే నా ఆఫీసు. "గ్రైండరూ అదీ ఒకే ప్లగ్గులో పెడితే ఆగదా మరి? డిగ్రీ ఎందుకు చదివావో" అన్నాడు సంజయ్, పేపర్లోంచి తల ఎత్తకుండానే. లాప్‌టాప్ ప్లగ్గులో లేదు, బ్యాటరీ మీద నడుస్తోంది. ఆ సంగతి చెప్పలేదు.

చెప్పకపోయినా చూస్తూ వచ్చాను. మంచం మీద పెడితే రెండు గంటలైనా ఆగదు. గట్టు మీద గ్రైండర్ తిరిగితే ఆగుతుంది. చర్చిలో నెమ్మది పాటలకి ఆగదు, డ్రమ్స్ మోగే పాటలకి ఆగుతుంది, ఎందుకంటే లాప్‌టాప్ పెట్టే బల్ల డ్రమ్స్ పక్కనే. ఒకరోజు కావాలనే ఎడమ మూల కొంచెం ఎత్తి వదిలాను. టక్కున ఆగింది. సంబరపడిపోయి సంజయ్‌తో చెప్పాను. "అదిరితే ఆగుతోందండీ, లోపల ఏదో వదులైంది." "అదేమన్నా నీ కుట్టుమిషనా వదులవడానికి?" అని నవ్వాడు. మా అత్తగారు ఏసమ్మ అందుకుంది. "మగోడికి తెల్దేటి, నీకే తెలిసిపోనాదేటి?" నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తాల్సింది.

అందులో స్లైడ్లు మాత్రమే లేవు. 'అమ్మ' అని ఒక ఫోల్డర్ ఉండేది. మా అమ్మది భావనపాడు. గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మి నన్ను చదివించింది. అక్షరం రాదు కానీ, ఇసుకలో చేపలు ఎండబెడుతూ తనంతట తనే పాటలు కట్టేది. సగం ప్రార్థన, సగం ఏసుప్రభువుతో పోట్లాట. ఊరికి వెళ్లినప్పుడల్లా పక్కన కూర్చుని ఒక్కొక్కటే టైపు చేసుకునేదాన్ని. పెళ్లయిన కొత్తలో ఒక పాట ఇంట్లో పాడితే సంజయ్, "ఇవి పాటలేంటి గ్లోరీ, చేపల కేకలు" అన్నాడు. అప్పట్నుంచి ఆ ఫోల్డర్ సంగతి అతనికి తెలియనివ్వలేదు. దాచుకోవడమంటే కాపాడుకోవడమే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

ఈస్టర్ రోజు చర్చి కిక్కిరిసి ఉంది. డ్రమ్స్ అందుకోగానే తెర నల్లబడింది. సంజయ్ మైకు తీసుకుని, "క్షమించాలి, మా ఇంటావిడ ఏదో నొక్కేసినట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే రోత.

మర్నాడు షాపుకి తీసుకెళ్లాం. ఆ షాపతను లోపల విప్పి చూడనైనా లేదు, విండోస్ పాడైంది, మొత్తం చెరిపి మళ్లీ వెయ్యాలన్నాడు. నా వైపు తిరిగి, "అవసరమైన ఫైళ్లేటైనా ఉన్నాయేటండి మేడమ్?" అని అడిగాడు. సంజయ్ జవాబిచ్చాడు. "ఏం లేవు. స్లైడ్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, వేసెయ్."

ఆగండి అనాలి. ఒక్క మాట. అంటే ఏమున్నాయని అడుగుతాడు. మా అమ్మ పాటలని చెప్పాలి. నలుగురిలో ఆ చేపల కేకల మాట మళ్లీ వస్తుంది. నిన్నటి నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్నాయి. షాపతను నావైపు ఒక క్షణం ఎక్కువే చూశాడు. నేను హ్యాండ్‌బ్యాగు జిప్పు వేసుకున్నాను.

ఆ శనివారమే మళ్లీ ఆగిపోయింది. ఆగుతూనే నాలుగు నెలలు గడిచాయి. చివరికి నేనే అరసవల్లి రోడ్డులో భారతి అనే ఆవిడ షాపుకి తీసుకెళ్లాను. ఆవిడ అడుగున మరలు విప్పుతూ, "కదిపినప్పుడు ఆగుతాదా అండి?" అంది. అవునన్నాను. ర్యామ్ కార్డు ఒక పక్కకి లేచి ఉంది. తీసి, దాని అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, చప్పుడయ్యేదాకా నొక్కింది. "ఇంతేనండి." నాలుగు నెలల కిందట షాపులో చెరిపేసిన పాత ఫైళ్లు వస్తాయా అని అడిగాను. "చెరిపేసి, దాని మీద ఇన్నాళ్లు వాడేసినారు కదండి. రావు." ఆవిడ ముందే ఏడ్చేశాను. ఆవిడ ఫ్యాను నా వైపు తిప్పింది.

అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, "నా పాటలు బాగున్నాయేటే?" అని అడుగుతుంది, మనవల గురించి అడిగినట్టు. ఈ నాలుగు నెలలూ బాగున్నాయనే చెప్పాను. ఇంక నోరు రాలేదు. గురువారం బస్సెక్కి భావనపాడు వెళ్లి, అమ్మ పక్కన ఇసుకలో కూర్చుని అంతా చెప్పేశాను. అమ్మ చేపలు తిరగేస్తూనే వింది.

"అల్లుడు బాబు ఏటీ లేవన్నప్పుడు నువ్వెక్కడున్నావే?"

"పక్కనే ఉన్నానమ్మా."

"మరైతే ఆడినెందుకు తిడతావు. ఆడికి తెల్దు."

సంజయ్‌కి ఫోన్ చేసి, అందులో ఏముండేవో మొదటిసారి చెప్పాను. "ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు. చెప్పొచ్చు. కాకపోతే చెప్పే మనిషి నోరు ఆ ఇంట్లో రోజుకి కొంచెం చొప్పున మూయించారు, అందుకు నేనూ సాయం పట్టాను. "ఈ ఆదివారం రాను. అమ్మ దగ్గరే ఉండి పాటలు రాసుకుంటాను. ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు" అన్నాను. అవతల అత్తగారు ఏదో అంటోంది. పెట్టేశాను.

నోటుపుస్తకం తెరిచి, పాడమన్నాను. అమ్మ చేతులు దులుపుకుని గొంతు సవరించుకుంది.

"గంపెత్తితే మెడ నొప్పి, గంప దించితే కడుపు నొప్పి, ఏటి సేతును ఏసయ్యా..."

ఆగింది. మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాను.

"రాదే" అంది అమ్మ, నెమ్మదిగా. "నీకిచ్చీసినాను కదా అని మరిసిపోనాను."