గాలికి ఎదురెళ్ళే పొగ

"జుల్మక్కా! కాస్త కిందికి తొంగిచూడు! ఇంకో పరదేశి నా యంత్రం మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు, కదలనంటున్నాడు!"

మందుల షాపు గ్లాదిస్ పెట్టిన కేక అది. వీధి ఈ కొస నుంచి నీళ్ళు కనబడే ఆ కొస దాకా వినబడింది. మోంతెవిదేయోలో మా పలెర్మో పేటకి శనివారం పొద్దున అలాంటి కేక ఒకటి పడితేనేగానీ తెల్లారినట్టుండదు.

సంగతేమిటంటే, మా ఉరుగ్వేలో గంజాయి అమ్మేది మందుల షాపులోనే. పేరు నమోదు చేయించుకున్నవాళ్ళు వచ్చి యంత్రం మీద వేలు పెడతారు, పచ్చదీపం వెలుగుతుంది, పొట్లం తీసుకుని పోతారు. పరదేశి వేలికి మాత్రం ఎర్రదీపమే. ఎంత గొప్పవాడి వేలైనా సరే.

ఈసారి వేలు ఎలిసేయో అనే చిలీ మనిషిది. తెముకో ఊళ్ళో రొట్టెల బట్టీ నడుపుతాడట. బొద్దుగా ఉన్నాడు, చేతులు చేటలంత.

"చట్టం ఒప్పుకుంది కదమ్మా!" అన్నాడు దీనంగా.

"ఒప్పుకుంది మాకు నాయనా, నీకు కాదు. అలాగని ఏ కూడలిలోనో చెవి కొరికేవాడి దగ్గర కొనకు, ఇద్దరూ ఇరుక్కుంటారు. అదిగో, ఆ డాబా మీద ఆరు మొక్కలున్నావిడ ఉందే, ఆవిడ అమ్మదు. పిలుస్తుంది. పిలిస్తే వెళ్ళు."

జుల్మా పిట్టగోడ మీదకి వంగింది. అరవై దాటిన మనిషి, చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే అనే ఆకు టీ తాగే బుర్ర.

"పైకి రా బాబూ! మధ్యాహ్నం భోజనం ఇక్కడే. జేబులో చెయ్యి పెట్టావంటే మాత్రం వచ్చిన మెట్ల మీదే దిగిపోతావు, ముందే చెబుతున్నా!"

జుల్మా మొక్కల గురించి మా పేటలో అందరికీ తెలిసిందే. వాటి పొగకి గాలితో పని లేదు. దమ్ము లాగినవాడు ఎవరి పక్కన కూర్చోవాలని మనసులో కోరుకుంటున్నాడో, ఆ మనిషి దగ్గరికి పోతుంది. నైరుతి గాలి చెట్లు వంచేస్తున్నా ఎదురెళ్తుంది. పొగ వస్తోందంటే ఆరేసిన దుప్పట్లు పక్కకి జరుపుతారు, అంతే. టపాలాఫీసు మీర్తా పొగ ప్రతిసారీ ఆవిడ కుక్క దగ్గరికే పోతుంది. మొగుడు ఎప్పుడో సర్దుకున్నాడు.

ఇక జుల్మా తమ్ముడు వాల్దెమార్. రేవులో ఓడలకి రంగులేస్తాడు, పెళ్ళి కాలేదు, తలంతా నెరిసింది. నిప్పుల మీద మాంసం కాల్చడంలో వాడికి వాడే సాటి. అక్క మొక్కల్ని మాత్రం ముట్టడు. "నాకు దగ్గు" అంటాడు. ఆ దగ్గుకి వారం వారం గ్లాదిస్ షాపుకెళ్ళి సిరప్పు సీసా తెచ్చుకుంటాడు. తెచ్చుకుని నిజంగా తాగుతాడు కూడా, అదీ వాడి నిజాయితీ! పేటంతా నమ్మింది. గ్లాదిస్ అయితే జాలిపడి, సీసాతో పాటు తేనె బిళ్ళలు కూడా ఇచ్చేది. దగ్గెందుకో తెలిసింది జుల్మాకి ఒక్కతెకే.

ఆ రోజు జుల్మాకి కాలు నిలవడం లేదు. గ్లాదిస్‌ని కంపెనీవాళ్ళు దేశం ఆ చివర సాల్తో ఊళ్ళో కొత్త షాపుకి రమ్మన్నారు. పొద్దున షాపు, మధ్యాహ్నం సామాన్లు సర్దుకోవడం, సాయంత్రం బస్సు. భోజనానికి రమ్మంటే తీరిక లేదంది.

"ఒరేయ్, ఆమె వెళ్ళిపోతోందిరా. నోరు తెరిచి ఒక్క మాట చెప్పు."

"చెబుతాలే అక్కా, మాంసం కాలనీ."

"మాంసం కాలుతుంది. బస్సాగదు."

"కాదంటే ఏం చెయ్యను?" అన్నాడు వాల్దెమార్ బొగ్గులు కెలుకుతూ.

మధ్యాహ్నానికి డాబా నిండింది. ఎలిసేయోని మధ్యలో కూచోబెట్టి తలా ఒక పాఠం చెప్పారు.

"తాగినంత తాగు, మిగిలింది ఇక్కడే వదిలెయ్యి. విమానం ఎక్కించావో, మీ దేశంలో దిగాక నీ రొట్టెలు నువ్వే జైలుకి తెప్పించుకోవాలి!"

"బస్సులో వద్దు, ఆఫీసుల్లో వద్దు, హోటలు గదిలోనూ వద్దు."

"తాగి బండి తోలావా, ఊదించరు, ఉమ్మించి చూస్తారు. పిసరు కనబడ్డా లైసెన్సు గోవిందా!"

"పొగాకు కలపకు," అంది జుల్మా. "నా మొక్క అలుగుతుంది."

ఎలిసేయో అన్నిటికీ తలాడించాడు. కానీ డబ్బివ్వకుండా తినడం అతనికి చేతకాలేదు. కాసేపటికి జుల్మా వంటింట్లో దూరి పిండి పిసకడం మొదలుపెట్టాడు. రొట్టెలు పొయ్యిలో పెట్టి, పిండిచేతులు తుడుచుకుని వచ్చాకే మొదటి దమ్ము లాగాడు. అతని పొగ లేచి ఇళ్ళ కప్పుల మీదుగా పడమటికి, చిలీ వైపు సాగిపోయింది.

"ఇంటావిడ దగ్గరికేనా?" అంది మీర్తా. "కొండలు దాటాలి కదా, చేరేసరికి రేపవుతుంది."

ఎలిసేయో ముఖం వెలిగిపోయింది. ఆ ఆనందంలో లేచాడు. దగ్గు సంగతి అతనికెవరూ చెప్పలేదు మరి. నేరుగా నిప్పుల దగ్గరికెళ్ళి, వెలుగుతున్న చుట్టని వాల్దెమార్‌కి అందించాడు.

"నువ్వూ ఒకటి లాగన్నా. పొద్దుట్నించీ మా కోసం పొగలో నిలబడ్డావు."

అతిథి తన చేత్తో అందించింది కాదనడం మా పేటలో లేదు. మాతే అయినా అంతే, మాంసం ముక్కయినా అంతే. వాల్దెమార్ అక్క వైపు చూశాడు. అక్క ఆకాశం వైపు చూసింది. పట్టకారు కింద పెట్టాడు, చుట్ట అందుకున్నాడు, లాగాడు.

లాగి, వదలడే!

బుగ్గలు బూరెల్లా పొంగాయి. ముఖం టమాటా అయింది, చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"వదలరా, చస్తావు!"

"అయ్యో, కళ్ళు బయటికొస్తున్నాయి!"

"వీపు మీద ఒకటివ్వండి!"

మీర్తా మొగుడు ఇచ్చాడు ఒకటి. భుస్సున వచ్చేసింది పొగ. మాంసం పొగ గాలివాటున ఉత్తరానికి పోతుంటే ఇది దానికి ఎదురు తిరిగింది, పిట్టగోడ దాటింది, వీధి మీద తాడులా సాగింది, షాపు పైనున్న గ్లాదిస్ కిటికీలోకి తిన్నగా దూరింది. అందరూ పిట్టగోడకి అతుక్కుపోయారు. పొగ అక్కడ తెరిచిన పెట్టెలోకి దిగి, మడతపెట్టిన బట్టల మీద పిల్లిలా చుట్ట చుట్టుకుంది.

గ్లాదిస్ చేతిలో స్వెట్టరుతో కిటికీలోకొచ్చింది.

"ఎవరిదీ పొగ?"

ఆ మాట ఇంకొకరు చెప్పేది కాదు. వాల్దెమార్ పిట్టగోడ గట్టిగా పట్టుకున్నాడు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు, రెండోసారీ సవరించుకున్నాడు.

"నాది!" అని అరిచాడు. "నాదే గ్లాదిస్! వెళ్ళకు!"

"నీకు దగ్గు కదయ్యా!"

"లేదు! ఏనాడూ లేదు!"

"మరి అన్ని సీసాల మందు?"

"తాగాను! అన్నీ తాగాను!"

వీధిలో పోయేవాళ్ళు కూడా నిలబడిపోయారు. గ్లాదిస్ కిటికీ రెక్కలు మూసేసింది.

వాల్దెమార్ మెల్లగా తిరిగొచ్చి పట్టకారు తీసుకున్నాడు. ఏం తిప్పుతున్నాడో వాడికే తెలియడం లేదు. అప్పుడు వినబడింది మెట్ల మీద చెప్పుల చప్పుడు.

గ్లాదిస్ వచ్చింది. పెట్టె లేదు, చేతిలో ఫోనుంది.

"సాల్తోకి ఇంకెవర్నైనా పంపించుకోమన్నాను," అంది అందరితోనూ. "అక్కడ ఎండలు మండిపోతాయట." వాల్దెమార్ వైపు తిరిగింది. "జబ్బు లేకుండా మందు తాగేవాణ్ణి ఒంటరిగా వదిలి ఏ మందుల షాపుదైనా ఎలా వెళ్తుందయ్యా? ఆ పక్కటెముకలు తిప్పు ముందు, మాడుతున్నాయి."

ఇక అరుపులు చూడాలి! ఎలిసేయో జుల్మాని ఎత్తి గిరగిరా తిప్పాడు. మీర్తా కుక్క ఎవరిని చూసి మొరగాలో తెలియక అందర్నీ చూసి మొరిగింది. కుర్చీలు చాలకపోతే బకెట్లు బోర్లించారు. పొయ్యిలోంచి రొట్టెలు వచ్చాయి, చేతులు కాలుతున్నా ఆగకుండా విరిచారు. కాల్చేవాడు నిలబడే తినాలి, అది మా రివాజు. వాల్దెమార్ నిలబడే ముక్కలు కోసి పంచుతున్నాడు. గ్లాదిస్ పట్టకారు లాక్కుని వాడి మోచెయ్యి పట్టి బల్ల దగ్గరికి తెచ్చింది.

"కాస్త జరగండమ్మా," అంది.

అందరూ జరిగారు. వాళ్ళిద్దరూ కూర్చున్నాక, నిలబడి చప్పట్లు కొడుతున్నవాళ్ళు కూడా కూర్చుని తినడం మొదలుపెట్టారు.