తప్పు జవాబు తరఫున

నేను న్యాయవాదిని కాలేదు. చదివేవారు కడదాకా దానికోసం ఎదురుచూడకుండా ఈ సంగతి ముందే చెబుతున్నాను. లా స్కూలు ప్రవేశ పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి; నాతో కలిసి చదివిన ముగ్గురిలో ఇద్దరికంటే ఎక్కువే వచ్చాయి. మౌఖిక పరీక్ష నాడు ఒక ఆచార్యుడు నా దరఖాస్తు తెరవకుండానే, "చూపు బాగానే ఆనుతోందా?" అని అడిగాడు. ఆనుతోందని చెప్పాను. ఆ తరవాత ఆ గదిలో తర్కానికి పని లేకపోయింది.

ఆయనను నేను క్షమించలేదు. క్షమించవలసిన కారణమూ ఇంతవరకు కనబడలేదు. అయితే ఇది ఆయన గురించి కాదు. సియోల్ నగరంలో, సిల్లిమ్ కొండవాలు మీద, సుందే అనే పంది పేగుల వంటకం అమ్మే ఒక కొట్టు పై అంతస్తులో శనివారం మధ్యాహ్నాలు మేము నలుగురం కూర్చున్న ఇరుకు గది గురించి. ఈమధ్య ఆ దారిన వెళ్ళవలసి వచ్చింది. పాత న్యాయ పరీక్షను రద్దు చేశాక చదువుకునేవాళ్ళు ఆ పేట విడిచిపోయారు. టికెట్టు మీద భోజనం పెట్టే హోటళ్ళు మూతపడ్డాయి. మా గదిలో ఇప్పుడు గోళ్ళకు రంగులు వేస్తున్నారట. సుందే కొట్టు మాత్రం అలాగే ఉంది. పెద్ద జర్మన్ సిల్వర్ గిన్నెలో పంది పేగులు ఉడుకుతున్నాయి, ఆవిరి మెట్ల మీదుగా పైకి పోతోంది. ఎక్కడానికి నాకు పని లేదు. అయినా చాలాసేపు ఆ మెట్ల దగ్గరే నిలబడ్డాను.

ఆ గదిలో చేరిన వేసవికి నాకు యాభై రెండేళ్ళు. అంతకుముందు పాతికేళ్ళకు పైగా ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దాను. ఇతరుల వాక్యాలలో కర్త ఎక్కడ తప్పిపోయాడో, 'కాబట్టి' అన్న మాటకు ముందు నిజంగా ఒక కారణం ఉన్నదో లేదో చూడటమే నా వృత్తి. సంస్థ చేతులు మారినప్పుడు కొత్త యజమాని, వయసు మీరిన సిబ్బందిని సగౌరవంగా సాగనంపుతున్నామని ఒక ప్రకటన అంటించాడు. ఆ ప్రకటనలో తప్పులున్నాయి. దిద్దకుండానే బయటికి వచ్చాను.

లా స్కూలు ప్రవేశ పరీక్షలో చట్టం గురించి అడగరు. ఒక పేరా ఇస్తారు. అందులోని వాదన దేని మీద నిలబడిందో, దేనితో కూలుతుందో కనిపెట్టమంటారు. జీతానికి చేసిన పనినే ఇకమీద నా కోసం చేసుకుందామనుకున్నాను. కొన్ని చదువు గుంపులకు ఫోను చేశాను. గొంతు వినగానే స్థానం నిండిపోయిందన్నారు. చివరికి ఒక కరెంటు స్తంభానికి అంటించిన కాగితంలో, 'ఒక కుర్చీ ఖాళీ, ఆలస్యంగా వచ్చేవాళ్ళు రావద్దు' అని చూసి, ఫోను చేయకుండా నేరుగా వెళ్ళాను.

తలుపు తీసినవాడు ప్యో గీజున్. ఇరవై ఏడేళ్ళు. ఆ గుంపుకు నాయకుడిగా తనను తానే నియమించుకున్నవాడు.

"అమ్మగారూ, మీ అబ్బాయి రాలేదా?" అన్నాడు నా వెనకకు చూస్తూ.

"అబ్బాయి లేడు. నేనే వచ్చాను. నా పేరు మేంగ్."

లోపల ఇంకా ఇద్దరున్నారు. ఓక్ దాహే, బొగ్గు గనుల పట్టణం నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నేను కూర్చోకముందే "అక్కా, ఫ్యాన్ గాలి ఇటు బాగా వస్తుంది, ఇక్కడ కూర్చోండి" అంది. నన్ను అక్కా అని పిలిచే ధైర్యం అంతకుముందు నా సొంత చెల్లెలికే ఉండేది. రెండో అతను తాక్ ముయల్, నలభైకి దగ్గరపడినవాడు. పాత న్యాయ పరీక్ష ఎన్నిసార్లు తప్పాడో లెక్కపెట్టడం మానేసి ఈ పరీక్షకు వచ్చాడు. తక్కువగా మాట్లాడేవాడు. ఆ గదిలో పాటించిన ఆచారం మాత్రం అతను పెట్టినదే.

ఆచారం ఇది. గడియారం పెట్టుకొని అందరం ఒకే ప్రశ్న చేసేవాళ్ళం. ఎవరి జవాబు తప్పయితే వాళ్ళు దానిని ఒప్పుకోకూడదు. లేచి నిలబడి, ఫీజు పుచ్చుకున్న వకీలులా ఆ తప్పు జవాబు తరఫున వాదించాలి. మిగిలినవాళ్ళు ఆ వాదనను విరగ్గొట్టాలి. అది విరిగేదాకా సరైన జవాబును సరైనదిగా లెక్కపెట్టకూడదు.

"తప్పు ఎందుకు తప్పో చెప్పలేనోడికి కరెక్ట్ ఆన్సర్ దొరికినా, అది రోడ్డు మీద దొరికినట్టే," అనేవాడు ముయల్. "మళ్ళీ దొరకదు."

ఇంకొక నియమం కూడా ఉండేది. పేరాలో లేనిది ఏదీ వాదనలోకి తేకూడదు. ఇది ఆ గది పెట్టినది కాదు, పరీక్ష పెట్టినదే. దానితో నాకు మొదటి శనివారమే తగాదా వచ్చింది.

ఆనాటి పేరాలో పక్కింటి గొడవ విన్న ఒక సాక్షి ఉంది. ఆ సమయంలో ఆమె చలికాలపు కిమ్చీ పచ్చడి కోసం బస్తాడు క్యాబేజీలకు కారం పట్టిస్తోంది. చేతులు పనిలో ఉన్నవాళ్ళు చెవి పెట్టి వినలేరు, కాబట్టి ఆమె సాక్ష్యం నమ్మదగినది కాదని ప్రతివాది అంటాడు. ఈ వాదనను ఏది ఎక్కువ బలహీనపరుస్తుందన్నది ప్రశ్న. ఆమె ముప్పై ఏళ్ళుగా కిమ్చీ పెడుతోంది అన్న జవాబును నేను ఎంచుకున్నాను. చేతిపనిలో ఉన్నవాళ్ళు పక్కవారి మాటలను మరింత బాగా గుర్తుంచుకుంటారని ఒక పరిశోధనలో తేలింది అన్నది సరైన జవాబు.

నిలబడి వాదించాను. ముప్పై ఏళ్ళ అలవాటున్న చేతులకు మనసుతో పని లేదని, అందువల్ల చెవి ఖాళీగా ఉంటుందని చెప్పాను.

"ముప్పై ఏళ్ళు పేరాలో ఉన్నాయి, ఒప్పుకున్నాం," అన్నాడు గీజున్. "అలవాటైతే చెవి ఖాళీ అవుతుందని ఎక్కడుందండీ?"

"అందరికీ తెలిసిన విషయం."

"ఎవరందరికీ?"

"బస్తాడు క్యాబేజీలకు కారం పట్టించిన ఎవరికైనా."

"ఈ గదిలో పట్టించింది మీరొక్కరే. అంటే మీ వంటింట్లోంచి తెచ్చారన్నమాట. అది చెప్పులతో పాటు బయట పెట్టి రావాలమ్మగారూ."

"అక్క చెప్పింది నిజమే అన్నా," అంది దాహే. "మా అమ్మ గిన్నెలు తోముతూ వీధంతా వినేస్తుంది."

"మీ అమ్మ కూడా పేరాలో లేదు."

"పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఎట్లా మేంగ్‌గారూ," అన్నాడు ముయల్ మెల్లగా. "కూర్చోండి, విరిగింది."

ఆ వారమంతా నాకు కోపం తగ్గలేదు. ఆ ప్రశ్న రాసినవాడు జన్మలో క్యాబేజీ ముట్టుకోలేదని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం. అయితే రెండు మూడు శనివారాలు గడిచాక ఇంకొక సంగతి గమనించాను. ఆ నియమం నా వంటింటిని గది బయట ఉంచినట్టే నా వయసునూ బయటే ఉంచింది. నాకు పెళ్ళెందుకు కాలేదో, ఈ ఈడులో ఈ చదువు ఎందుకో ఆ గదిలో ఎవరూ అడగలేదు, అడగడానికి అవి పేరాలో లేవు. నేను ఒక వాక్యం చెబితే దానిని వాక్యంగానే తూచేవాళ్ళు. తేలిపోతే తేలిపోయిందనేవాళ్ళు. అంత మర్యాద నాకు మరెక్కడా జరగలేదు. ముందు పనిచేసిన చోట లేదు, తరవాత వెళ్ళిన చోట్లా లేదు.

తప్పు జవాబుల తరఫున వాదించడంలో నన్ను మించినవాళ్ళు లేరని జూలై నాటికి తేలింది. గీజున్ కొన్నిసార్లు విసిగిపోయి మార్కరు బల్లమీద గిరాటు పెట్టేవాడు. ఇంటికి వెళ్ళి ఆలోచించుకొని, తరవాతి శనివారం తలుపు దగ్గరే, "దొరికింది! పోయిన వారం మీరు ఎక్కడ మోసం చేశారో దొరికింది!" అని అరిచేవాడు.

వానలు వెనకబట్టి, పరీక్షకు నెల ఉందనగా ఒక శనివారం, ఆ గీజున్ ఇంకా ప్రశ్నాపత్రాలు తీయకుండానే గొంతు సవరించుకున్నాడు.

"సూటిగా చెప్పేస్తా. నా ఫ్రెండ్ నామ్‌హో అని ఒకడున్నాడు. పోయినేడు కొద్దిలో తప్పిపోయింది వాడికి. మన స్టడీ గ్రూపులోకి వస్తానంటున్నాడు."

"రమ్మను," అంది దాహే. "కుర్చీ తెచ్చుకోమను."

"ఐదో కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోదు. ఓనరు ఒప్పుకోడు."

"అయితే లేవాల్సింది ఎవరు?" అని అడిగాను.

గీజున్ ఫ్యాన్ వైపు చూశాడు. "అమ్మగారూ, కోపం తెచ్చుకోకండి..."

"కోపం సంగతి తరవాత. వాదన చెప్పు."

"బోర్డు మీద రాయి," అన్నాడు ముయల్. అతని గొంతులో ఎప్పుడూ లేని కరుకుదనం వినిపించింది.

గీజున్ రాశాడు. చేతిరాత మాత్రం చక్కగా ఉండేది ఆ అబ్బాయిది.

'కుర్చీ విలువ అందులో కూర్చున్నవారికి సీటు వచ్చే అవకాశాన్ని బట్టి ఉంటుంది. మనం కోరుకునే స్కూళ్ళలో యాభై దాటినవారికి ఇంతవరకు సీటు రాలేదు. కాబట్టి నాలుగో కుర్చీ నామ్‌హోకు ఇవ్వాలి.'

ఆ కుర్చీ పోతే నాకు మరో గుంపు లేదు. ఒంటరిగా చదవవచ్చు, ఒంటరిగా చదివేవారి తప్పులను ఎవరూ విరగ్గొట్టరు. నెల రోజులలో ఇంకొక తలుపు తెరుచుకోదని నాకు స్పష్టంగా తెలుసు. అంతకుమించి, నేను చెప్పినదాన్ని చెప్పినంతవరకే తూచే చోటు ఆ మహానగరంలో నాకు అదొక్కటే.

"విరగ్గొట్టండి మేంగ్‌గారూ," అన్నాడు ముయల్.

"నేను విరగ్గొట్టను," అన్నాను. "ఇది నిజమైతే ఎవరు వాదించినా నిలబడాలి. తప్పైతే ఈ గదిలో తప్పుకి వకీలు ఉండాలి. ఎలా చూసినా ఒక వకీలు కావాలి. గీజున్‌కి మొహమాటం, వాడు నీళ్ళు నములుతాడు. నేను వాదిస్తాను. మీరు ముగ్గురూ విరగ్గొట్టండి. విరగకపోతే లేచి వెళ్ళిపోతాను."

"ముగ్గురమా?" గీజున్ నోరు తెరిచాడు. "నా వాదన నేనే విరగ్గొట్టాలా?"

"చేతకాకపోతే కూర్చో. దాహే చూసుకుంటుంది."

బోర్డు దగ్గర నిలబడ్డాను. నన్ను నేను 'మేంగ్ అనే అభ్యర్థి' అని సంబోధించుకుంటూ, గీజున్ రాసిన మూడు వాక్యాలకు అతనికి తోచని బలమంతా సమకూర్చాను. పరీక్షకు మిగిలిన వ్యవధి తక్కువ. కుర్చీలు నాలుగు. పరిమితమైన వస్తువును ఫలితం రాని చోట ఉంచడం మిగిలినవారికి అన్యాయం. మేంగ్ అనే అభ్యర్థి తెలివిని ఎవరూ కాదనడం లేదు. కానీ బోర్డు మీది లెక్కలోకి తెలివి రాదు, సీటు వచ్చే అవకాశం ఒక్కటే వస్తుంది.

"అక్క వెళ్ళిపోతే నేనూ రాను," అంది దాహే. కళ్ళనీళ్ళు తిరిగాయి దానికి.

"అది బెదిరింపు, వాదన కాదు. కూర్చో."

"యాభై దాటినవాళ్ళు అసలు దరఖాస్తు పెట్టారా?" అన్నాడు ముయల్. "పెట్టకపోతే రాకపోవడంలో వింతేముంది?"

"పెట్టారు. ముగ్గురు నాకు తెలుసు. మార్కులూ బాగా వచ్చాయి. సీటే రాలేదు."

"పేరాలో లేదు!" దాహే అరిచింది.

"ప్రశ్న కూడా పేరాలో లేదు. బయటి ప్రశ్నకి బయటి జవాబు."

"వచ్చే ఏడాది మారొచ్చు కదండీ," అన్నాడు ముయల్.

"మారొచ్చు. ఇంతకన్నా అధ్వానంగానూ మారొచ్చు. 'మారొచ్చు' అన్న మాట మీద కుర్చీ నిలబడదు."

కింద కొట్టులో ఎవరో గిన్నె మూత తీసిన చప్పుడు వినిపించింది. నేను నా పెన్సిళ్ళు సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాను. బెదిరించడానికి కాదు. విరగకపోతే వెళ్ళిపోతానని చెప్పాను, అది విరగలేదు.

గీజున్ బోర్డునే చూస్తున్నాడు. అతను కోరుకున్నది నెరవేరింది. చేయవలసిందల్లా ఊరుకోవడమే. కానీ ఒక వాదన తన కళ్ళముందు నిక్షేపంగా నిలబడి ఉంటే ఆ అబ్బాయికి అన్నం సహించదు. పెదవి కొరుకుతున్నాడు.

"ఆగండి," అన్నాడు. "ఆగండాగండి. మొదటి లైను చూడండి. కుర్చీ విలువ కూర్చున్నవాళ్ళకి సీటొచ్చే అవకాశాన్ని బట్టట. ఎవరన్నారు? ఎక్కడినుంచి ఊడిపడింది అది?"

"ముందే ఒప్పుకున్న విషయం," అన్నాను.

"ఎవరూ ఒప్పుకోలా! ఈ కుర్చీలో కూర్చుని మనం చేసేదేంటి? ఎదుటివాళ్ళ తప్పు విరగ్గొట్టడం. నా తప్పు విరగ్గొట్టే మనిషికి సీటొస్తుందా రాదా అన్నది నాకెందుకు? ఆవిడకి రాకపోతే నాకూ రాకుండా పోతుందా? రెండో లైను నూటికి నూరుపాళ్ళు నిజమే అనుకోండి, అయినా మూడోది రాదు. రానే రాదు! మొదటి లైనే తప్పు. ఏ గాడిద రాశాడండీ ఆ లైను?"

"నువ్వే అన్నా," అంది దాహే.

ముందు ముయల్ నవ్వాడు. అతను పళ్ళు కనబడేలా నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. తరవాత దాహే, ముక్కు తుడుచుకుంటూ.

"విరిగింది," అని ఒప్పుకున్నాను.

గెలిచిన సంతోషం గీజున్ ముఖం మీద ఇంకా వెలుగుతుండగానే, తాను గెలిచినది ఏమిటో అతనికి అర్థమైంది. "అమ్మగారూ, మీకు ముందే తెలుసు కదా?"

"నేను వకీలుని. కక్షిదారు లోపాలు బయటపెట్టడం నా పని కాదు."

"నామ్‌హో మీకన్నా బాగా విరగ్గొడతాడేమో," అని గొణిగాడు.

"అది వేరే పేరా," అన్నాడు ముయల్. "ఇవాళ మన ముందు లేదు."

అటు తరవాత నన్ను పంపివేయాలనుకున్నవారు చాలామందే తగిలారు. ఆచార్యులు, అధికారులు, మర్యాద తెలిసినవారు, తలవంచి నమస్కరించేవారు. తమ వాదన విరుగుతుందేమోనని వారిలో ఒక్కరూ ఒక్క నిమిషం ఆగి చూడలేదు. సుందే కొట్టు మెట్ల దగ్గర నిలబడి, నేను తలచుకున్నది తన వాదనను తానే విరగ్గొట్టుకున్న ఆ పొగరుబోతు అబ్బాయిని.

గీజున్ వసారాలోకి వెళ్ళి ఫోను చేశాడు. "కుర్చీ లేదురా... ఏం చెప్పమంటావ్, ఓడిపోయా... ఎవరి చేతిలోనా? నా చేతిలోనే!" అన్న మాటలు తలుపు సందులోంచి వినబడ్డాయి. లోపలికి వచ్చి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా ప్రశ్నాపత్రాలు పంచాడు. గడియారం మీట నొక్కాడు.

"టైమ్ మొదలైంది," అన్నాడు. "పెన్సిలు బయటికి తీయండి అమ్మగారూ, ఎవరికోసం ఆగేది లేదు."