ఆరు టేకుల శోకం

ఆ సినిమాలో దొర చనిపోయే ఘట్టం చూసి ఏడవనివాళ్ళు లేరని పేరు. ఇరవయ్యేళ్ళ కిందటి సినిమా, తెలంగాణ దొరల గడీల కాలం నాటి కథ. కొండాపూర్‌లోని సబ్‌టైటిల్స్ ఆఫీసులో రజిత మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సరిగ్గా అక్కడే పొట్ట పట్టుకుని నవ్వింది.

నిజానికది నవ్వే రోజు కాదు. ఆమె ప్రొబేషన్ ఆ రోజుతో ముగుస్తుంది. ఉద్యోగం ఉంచాలో తీసేయాలో చెప్పే టీమ్ లీడ్ అవినాష్ పక్క సీట్లోనే ఉన్నాడు.

“అక్కడ ‘ఆడవాళ్ళ ఏడుపు’ అని వేస్తే సరిపోతుందండి,” అన్నాడతను.

“ఉత్త ఏడుపు కాదు సార్, శోకం పెడుతున్నరు. మా నాయనమ్మను గూడ గడీలకు గిట్లనే ఏడ్వ పిలుస్తుండె. జర వినుండ్రి.”

సంగీతం తగ్గించి, గొంతులు పెంచింది. శవం చుట్టూ ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. ‘ఇగ మా కోడిపుంజు పెద్దగయ్యేదాక బతుకుతదేమో దొరా. ఇగ మా ఎడ్లు మా చెల్కనే దున్నుతయేమో దొరా. ఈ దుఃఖం ఎట్ల మోసేది దొరా.’

అవినాష్ మొహం మాడిపోయింది. ఆ ఘట్టానికే డైరెక్టర్ యజ్ఞనారాయణకు అవార్డు వచ్చింది. సాయంత్రం ఆయనే చూడటానికి వస్తున్నారు. “ఇది వేశారంటే రేపట్నుంచి మీరు రానక్కర్లేదండి.”

రజితకు భయం వేయలేదని కాదు. కానీ వాళ్ళు దొరను శవం మీదే కడిగేస్తుంటే తాను ‘ఏడుపు’ అని రాసి ఊరుకోవడం సిగ్గుగా తోచింది. ఉన్నదున్నట్టు రాసేసింది.

సాయంత్రం తెర మీద అక్షరాలు పడగానే వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన గదంతా నవ్వింది. నవ్వనిది అవినాష్, డైరెక్టరుగారు ఇద్దరే. పెద్దాయనే లైట్లు వేయించారు.

“ఇది రాసిందెవరు?”

“నేనే సార్.” రజిత లేచి నిలబడింది.

“మాది భీమవరం వైపమ్మా. వాళ్ళ మాట నాకు సరిగ్గా అందలేదు. షూటింగ్ జరిగిన ఊళ్ళో ఆడవాళ్ళనే పిలిపించి ఏడవమన్నాను. చాలలేదు, ఇంకా గట్టిగా అంటూ ఆరు టేకులు తీశాను. సినిమాలో ఉన్నది రెండోది.” ఆయన తెర వైపు చూశారు. “ఆరుసార్లూ ఇవే మాటలంటావా?”

“ఉండయి సార్. శోకం అప్పటికప్పుడు కడ్తరు. ఆరు తీర్ల తిట్టి ఉంటరు. ఆఖరి టేకులల్ల మీరు గూడ ఉండొచ్చు.”

అవినాష్ కళ్ళు మూసుకున్నాడు.

పెద్దాయన భుజాలు కదిలాయి. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, అవినాష్ వైపు తిరిగారు. “మిగతా ఐదు టేకుల టేపులు మా ఇంట్లోనే ఉన్నాయి. రేపు పంపిస్తాను. ఈ అమ్మాయే రాయాలి.”

మళ్ళీ రజితతో అన్నారు: “నన్ను తిట్టినవి ఒక్కటీ వదలొద్దమ్మా.”