ఎడమచేతి గ్లాసు

బాదు సర్పాంగ్‌కి నోరూ చేతులూ రెండే ఆస్తులు. మాంపోంగ్ దొరగారి తరఫున సభలో మాట్లాడేది ఆయనే. ఎవరు ఎవరికి ఏ చేత్తో ఏమిచ్చారన్నది ఆయన కంటిని దాటిపోదు. అలాంటి మనిషి ఇంటికి పిల్లనడగడానికి రావాల్సిన యావ్ దొంఫే ఏం చేశాడంటే, ఊరంతా పాడుకుంటున్న ఒక పాటకి వీడియో తీసి, అందులో ఒక కుర్రాడి చేత ఒక పెద్దాయనకి ఎడమ చేత్తో గ్లాసు ఇప్పించాడు. అసాంటే నేల మీద ఎడమ చేత్తో ఇవ్వడమంటే ముఖాన కొట్టడమే. అదీ పిల్లనడిగే ఘట్టంలో.

ఇక బజారు ఊరుకుంటుందా? కూరగాయలమ్మే ఆడవాళ్ళు కూడా పనిగట్టుకుని సర్పాంగ్‌ని ఆపి, కాబోయే అల్లుడుగారు కొత్త మర్యాద నేర్పుతున్నారటగా అని పరామర్శించారు. ఆయన ఇంటికొచ్చి భోజనం ముట్టలేదు. శనివారం దొంఫే వాళ్ళు పిల్లనడిగే ఆచారం ప్రకారం జిన్ను సీసాతో వచ్చి తలుపు తట్టినా తీసేది లేదన్నాడు. ఈ సంగతి తేలేదాకా ఆ కుర్రాడితో ఫోన్లో కూడా మాట్లాడొద్దని కూతురికి గట్టిగా చెప్పాడు.

కూతురు అచియా రాజధాని అక్రాలో సినిమా పాఠాలు చెబుతుంది. దొంఫేని తప్ప ఇంకెవర్నీ చేసుకోనని ఎప్పుడో అనుకుంది. కబురు విన్న వెంటనే బస్సెక్కి వచ్చేసింది. దొంఫేతో మాట్లాడకూడదు సరే, వాడి వీడియో ఉందిగా. మధ్యాహ్నం తండ్రి వరండాలో కూర్చోగానే ఆయన ముందు లాప్‌టాప్ పెట్టింది.

"పాట వద్దు నాన్నా, బొమ్మ ఒక్కటే చూడండి. తర్వాత మీరేమంటే అదే."

నిజం చెప్పాలంటే ఆ వీడియో గొప్పది. పరాయివాడు తీసినా అచియా తన క్లాసు పిల్లలకి అదే చూపించేది. పసుపు చొక్కా కుర్రాడొకడు సీసా పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరి, తెర మీద ఎడమ నుంచి కుడికి నడుస్తూనే ఉంటాడు. ఎక్కడా ఆగడు, ఎక్కడా అతుకు కనిపించదు. జనంతో కిక్కిరిసిన వ్యానొకటి అడ్డంగా పోతుంది. అది దాటేసరికి ఎండుగాలి దుమ్ము పోయి వాన పడుతుంటుంది. ఎరుపూ నలుపూ కట్టుకున్న చావు ఊరేగింపు అడ్డొస్తుంది. అది దాటేసరికి దారి పక్కన మొక్కజొన్న కంకి వేసి ఉంటుంది. చొక్కా వెలిసిపోతుంది, చెప్పులు అరిగిపోతాయి. ఒక్క పాటలో ఒక ఏడాది నడిచేస్తాడు.

సర్పాంగ్ మొదట పెదవి విరుచుకుని కూర్చున్నాడు. వాన దగ్గర కొంచెం ముందుకు వంగాడు. ఎలా చేశాడని అడిగాడు. వ్యాను తెరనంతా కప్పేసిన క్షణంలో ఒక రోజు తీసినదాన్ని ఇంకో రోజు తీసినదానికి అతికాడని అచియా ఆపి చూపించింది. ఆయన మళ్ళీ వెనక్కి తిప్పించి, ఊరేగింపు దగ్గర అతుకుని తనే పట్టుకున్నాడు. ఘటికుడేనని గొణిగాడు.

తర్వాత గ్లాసు వచ్చింది. ఆయన మొహం బిగుసుకుపోయింది.

అచియా అక్కడ ఆపి, కుర్రాడి జేబు చూడమంది. దారంతా ఎడమవైపున్న జేబు ఇక్కడ కుడివైపుకి ఎలా వచ్చింది? ఆయన లొంగలేదు. దర్జీ దయ తలిస్తే వీపు మీద కూడా జేబు కుడతాడన్నాడు. అచియా మళ్ళీ ఆ జేబే చూపించింది. చెప్పుకోదగ్గ సాక్ష్యం అదొక్కటే ఉంది.

సర్పాంగ్ జారుతున్న తన పైబట్టని అలవాటుగా ఎడమ భుజం మీదికి లాక్కున్నాడు. లాక్కుంటూ తెరకేసి చూసి, చెయ్యి అక్కడే ఆపేశాడు.

"ఈ పెద్దాయనేమిటి, బట్ట కుడి భుజం మీద వేసుకున్నాడు? బుద్ధున్నవాడెవడూ అలా కట్టడే."

పుట్టినప్పటినుంచీ మగవాళ్ళ భుజాలు చూస్తూనే ఉన్నా అచియాకి ఈ ముక్క తట్టలేదు. దొంఫే ఇక్కడ బొమ్మని అద్దంలోలా తిరగేశాడని గబగబా చెప్పింది. ఆ ఇంటి వాకిట్లోకి కుడి నుంచి ఎడమకే నడవాలి. తీసింది తీసినట్టు వేస్తే, ఏడాది నడిచొచ్చిన కుర్రాడు గుమ్మం ముందు వెనక్కి మళ్ళినట్టు కనిపిస్తాడు. అలా కనిపించకూడదని తిప్పాడు. నడక చూసుకున్నాడు, తిప్పితే కుడి చెయ్యి ఎడమైపోతుందని చూసుకోలేదు.

"చూసుకోవాలి," అన్నాడు సర్పాంగ్. "ఎడమ చెయ్యి వాడక తప్పనప్పుడు క్షమించమని అడిగి మరీ వాడతాం. ముందు ఆ మాట నా వాకిట్లో వాళ్ళ పెద్దలు చెప్పుకోవాలి."

అంటే వాకిట్లోకి రానిస్తాడన్నమాట. అచియా గుండె కాస్త కుదుటపడింది. కానీ సీసా పుచ్చుకుంటేనే సంబంధం ఒప్పుకున్నట్టు, ఆ మాట ఆయన అనలేదు. చివరి ముక్క మళ్ళీ వెయ్యమన్నాడు. తెర మీద పెద్దాయన గ్లాసు పెదాల దాకా ఎత్తి, ఆగి, పక్కకి తిరిగి చూస్తాడు. అక్కడితో బొమ్మ నల్లబడిపోతుంది.

తాగాడా లేదా అన్నది దర్శకుడు చూసేవాళ్ళకి వదిలేశాడని అచియా పాఠం చెప్పింది. క్లాసులో కూడా అలాగే చెబుతుంది. సర్పాంగ్ నవ్వాడు. వారం తర్వాత అదే ఆయన మొదటి నవ్వు.

"మనకేం వదల్లేదే పిచ్చిదానా. ఆ ఘట్టంలో ఏ పెద్దవాడూ తాగడు. పిల్లని అడగాలి. ఆయన చూస్తున్నది పిల్లకేసి. వాడు ఏడాది కాదు, పదేళ్ళు నడిచొచ్చినా పిల్ల ఊఁ అనందే చుక్క గొంతు దిగదు. మరి ఆ పిల్లని బొమ్మలో ఎక్కడన్నా పెట్టాడా? లేదు. పిల్ల మాట వాడు తన నోటితో చెప్పడు. సభలో నలభై ఏళ్ళు మాట్లాడాను, ఎక్కడ ఆపాలో తెలిసినవాణ్ణి ఇద్దరు ముగ్గుర్నే చూశాను."

అచియా చివరి ముక్క మళ్ళీ వేసుకుని చూసింది. ఆ వీడియోలో ప్రతి అతుకూ తెలుసుననుకుంది. తన కోసం ఖాళీగా ఉంచిన చోటు మాత్రం చూసుకోలేదు. వాడు కూడా ఎన్నడూ చెప్పలేదు.

సర్పాంగ్ లాప్‌టాప్ మూశాడు. బట్ట సర్దుకుని నిటారుగా కూర్చుని, ఇంట్లో ఎప్పుడూ వాడని సభ గొంతుతో అడిగాడు.

"అచియా, వాళ్ళ సీసా పుచ్చుకోనా?"

మధ్యాహ్నం నుంచీ ఆగకుండా మాట్లాడుతున్న మనిషి ఊరికే తలూపింది. తలూపితే చెల్లదన్నాడు.

"పుచ్చుకోండి నాన్నా."

ఆచారం ప్రకారం ఆయన రెండోసారి అడిగాడు, చెప్పింది. మూడోసారి సభ గొంతుతో కాదు, ఇంటి గొంతుతో అడిగాడు. ఆమె మళ్ళీ అదే మాట చెప్పింది, ఈసారి ఆయన చెయ్యి పట్టుకుని.